టెక్సస్‌లో పాత ట్రాఫిక్ టికెట్ల మీద వారంట్ ఉంటే: ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేముందు చూసుకోవలసినవి

మీరు రాసిందాని సారాంశం ఇది. మూడేళ్ల క్రితం డెంటన్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు సిటీ పోలీసు ఒకే రోజు రెండు టికెట్లు రాశాడు. ఒకటి స్పీడింగ్, 60 జోన్‌లో 74. రెండోది ఇన్సూరెన్స్ చూపించలేదని. కోర్టు డేట్‌కి వెళ్లలేదు. ఉద్యోగం వచ్చి ఇర్వింగ్‌కి మారిపోయారు. ఇప్పుడు ఒక లా ఫర్మ్ నుంచి వారంట్ ఉందని, రెండిటికీ కలిపి దాదాపు 1,100 డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ ఉంది. ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోతుందా అని మీ ప్రశ్న.

కట్టేస్తే వారంట్ పోతుంది. అయినా ఇప్పుడే కట్టకండి. జడ్జి ఇంకా తీర్పు ఇవ్వని కేసులో మొత్తం డబ్బు కట్టడమంటే నేరాన్ని ప్రతిఘటించనని చెప్పినట్టే. రెండు టికెట్లూ కన్విక్షన్లుగా రికార్డులోకి వెళ్తాయి. మీ రెండో టికెట్ విషయంలో అది మరీ నష్టం. ఆ రోజు కారుకి నిజంగా ఇన్సూరెన్స్ ఉండి, కార్డు మాత్రమే చేతిలో లేకపోతే, టెక్సస్ చట్టం ప్రకారం ఆ కేసు కొట్టివేయాల్సిందే. ఉత్తరంలోని లింకు నొక్కి కట్టేస్తే, గెలిచే కేసును మీరే ఒప్పేసుకున్నట్టవుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా నడిపారన్న మొదటి కన్విక్షన్‌కి జరిమానా 175 నుంచి 350 డాలర్లు. మళ్లీ జరిగితే 350 నుంచి 1,000, పైగా లైసెన్స్ సస్పెన్షన్. కాబట్టి ఆ మొదటి కన్విక్షన్‌ని ఊరికే నెత్తిన వేసుకోకూడదు.

ముందు ఉత్తరం నిజమో కాదో తేల్చుకోండి. టెక్సస్‌లో చాలా సిటీలు, కౌంటీలు పాత బాకీల వసూలును లైన్‌బార్గర్, పెర్డ్యూ బ్రాండన్ లాంటి లా ఫర్మ్‌లకు అప్పగిస్తాయి, కాబట్టి ఉత్తరం లా ఫర్మ్ పేరుతో రావడం మామూలే. ఫోన్ల సంగతి వేరు. షెరిఫ్ ఆఫీసు నుంచి డెప్యూటీని మాట్లాడుతున్నాను, గంటలో జెల్లే యాప్‌లో డబ్బు పంపండి, గిఫ్ట్ కార్డు నంబర్లు చెప్పండి, లేకపోతే ఇంటికొచ్చి పట్టుకెళ్తాం అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఏ కోర్టూ అలా వసూలు చేయదు. ఉత్తరం మీద కాజ్ నంబరో (కేసు నంబరు) సైటేషన్ నంబరో (టికెట్ నంబరు) ఉంటుంది. ఉత్తరంలో ఇచ్చిన ఫోన్ నంబర్‌కి చేయకుండా, సిటీ వెబ్‌సైట్‌లో మున్సిపల్ కోర్టు నంబర్ వెతికి క్లర్క్‌కి ఆ కాజ్ నంబర్ చెప్పండి.

ఏ కోర్టు అన్నది టికెట్ ఎవరు రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది. సిటీ పోలీసు రాస్తే ఆ సిటీ మున్సిపల్ కోర్టు. స్టేట్ ట్రూపర్, షెరిఫ్ డెప్యూటీ, కాన్‌స్టేబుల్ రాస్తే ఆ ప్రాంతపు జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు, అందరూ జేపీ కోర్టు అనేది. ఒకే ఊళ్లో రెండు టికెట్లు రెండు వేర్వేరు కోర్టుల్లో ఉండటం కూడా జరుగుతుంది. ఒకచోట క్లియర్ చేసుకుని, రెండోది ఉందని తెలియక తర్వాత ట్రాఫిక్ స్టాప్‌లో దొరికిపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

మన పేర్లతో ఇక్కడ ఒక చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. కొందరికి వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. టికెట్ రాసే పోలీసు తనకు తోచినట్టు కొడతాడు. పేరుతో వెతికితే ఏమీ దొరకలేదంటే వారంట్ లేదని అర్థం కాదు. డ్రైవింగ్ లైసెన్స్ నంబర్‌తో, పుట్టినతేదీతో వెతికించండి. తేదీ, నెల తారుమారు చేసి కూడా ఒకసారి చూడమనండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. రెడ్డి, రావు, కుమార్ లాంటి పేర్లతో ఇంకొకరి వారంట్ మీ పేరు కింద కనబడొచ్చు. పుట్టినతేదీ కలిసిందా అని అడగండి, కలవకపోతే ఆ మాట క్లర్క్ చేత రాతపూర్వకంగా తీసుకోండి.

క్లర్క్‌ని అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇది ఏ రకం వారంట్? మిగతా రాష్ట్రాల్లో బెంచ్ వారంట్ అనేదాన్ని ఇక్కడ ఎక్కువగా అలయస్ వారంట్ అనో, క్యాపియస్ ప్రో ఫైన్ అనో అంటారు. రెండూ ఒకటి కావు. అలయస్ వారంట్ అంటే మీరు హాజరు కాలేదు, కేసు ఇంకా తెరిచే ఉంది. నాట్ గిల్టీ అనొచ్చు, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడొచ్చు, డిఫర్డ్ (కొన్నాళ్లు షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతి) అడగొచ్చు, ఇన్సూరెన్స్ కాగితం చూపించి కొట్టేయించుకోవచ్చు. క్యాపియస్ ప్రో ఫైన్ అంటే తీర్పు అయిపోయింది, జరిమానా పడింది, అది కట్టలేదు. ఇక్కడ కేసు గురించి వాదించడానికి ఏమీ మిగలదు. ఎంత కట్టాలి, ఎలా కట్టాలి అన్నదే మిగులుతుంది. మీరు ఎప్పుడూ ప్లీ (నేరం ఒప్పుకుంటున్నారో లేదో కోర్టుకి చెప్పే మాట) ఇవ్వలేదు, ఏమీ కట్టలేదు కాబట్టి మీవి అలయస్ వారంట్లే అయ్యుండాలి. అయినా క్లర్క్ నోటి నుంచే వినండి.

రెండు టికెట్లకు రెండు వారంట్లే ఉన్నాయనుకోవద్దు. కోర్టుకి రానందుకు విడిగా ఇంకో నేరం మోపుతారు. టెక్సస్‌లో టికెట్ మీద మీరు పెట్టిన సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, హాజరవుతానన్న మాట. అది తప్పితే ఫెయిల్యూర్ టు అపియర్ (ఎఫ్‌టీఏ) అనో, వయొలేషన్ ఆఫ్ ప్రామిస్ టు అపియర్ అనో కొత్త కేసు పడుతుంది. కాబట్టి, నా పేరు మీద మొత్తం ఎన్ని కేసులున్నాయి, ఒక్కోదాని స్థితి ఏమిటి అని అడిగి కాజ్ నంబర్లన్నీ రాసుకోండి.

ఇక డబ్బు పెరిగిన తీరు. ఒక్కో వారంట్‌కి ఫీజు 50 డాలర్లు. లైసెన్స్ రెన్యువల్ ఆపమని ఆమ్నిబేస్ అనే వ్యవస్థకి పంపితే ఒక్కో కేసుకి 10. అరవై రోజులు దాటి కలెక్షన్స్‌కి వెళ్తే బాకీ మీద 30 శాతం. 250 డాలర్ల టికెట్ ఇలా దాదాపు 400 అవుతుంది, దాని పక్కన ఎఫ్‌టీఏ కేసు జరిమానా విడిగా చేరుతుంది. మీ 1,100 లెక్క అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కేసు కొట్టివేస్తే దాని మీద పెరిగిన భాగానికి ఆధారం పోతుంది. కట్టే స్తోమత లేదని జడ్జి నిర్ధారిస్తే ఆ 30 శాతం కలెక్షన్ ఫీజు పడదని చట్టంలోనే ఉంది. లా ఫర్మ్ ఫోన్లో ఈ సంగతి చెప్పదు, చెప్పడం వాళ్ల పనీ కాదు. అందుకే బేరం ఏమున్నా కోర్టుతోనే.

అందరికీ ఉండే భయం, కోర్టుకి వెళ్తే అక్కడే పట్టుకుంటారేమో అని. ఈ భయంతోనే జనం సంవత్సరాల తరబడి దాక్కుంటారు, చివరికి వేరే దారిలో దొరుకుతారు. చట్టం మీ వైపే ఉంది. వారంట్ అమలు కాకముందే మీ అంతట మీరు వచ్చి, దాన్ని తేల్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నిస్తే జడ్జి ఆ వారంట్ వెనక్కి తీసుకోవాలి. హాజరు కానందుకు వేసిన వారంట్‌కీ, క్యాపియస్ ప్రో ఫైన్‌కీ ఇది వర్తిస్తుంది. పాత వెబ్‌సైట్లలో ఇవన్నీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 45వ చాప్టర్ కింద కనిపిస్తాయి. 2025 జనవరి 1 నుంచి 45ఎ చాప్టర్‌గా మార్చి రాశారు, కాబట్టి ఆర్టికల్ నంబర్లు కలవకపోతే కంగారు పడకండి. ఇంకొకటి: మొదటిసారి రానందుకు వారంట్ వేసేముందు కోర్టు ఫోన్ ద్వారానో మెయిల్ ద్వారానో నోటీసు ఇచ్చి, ముప్పై రోజుల లోపల ఒక తేదీ చెప్పి, డబ్బు కట్టలేనివాళ్లకి ఉన్న దారులు కూడా అందులో రాయాలి. మీకు ఆ నోటీసు అందకపోవడానికి కారణం అడ్రస్. ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కి అడ్రస్ మార్పు ఫారం ఏఆర్-11 పంపితే కోర్టుకి తెలియదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీపీఎస్‌లో లైసెన్స్ అడ్రస్ 30 రోజుల్లో విడిగా మార్చుకోవాలి. మనవాళ్లు మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోతారు. పాత అడ్రస్‌కి నోటీసు పంపారని రికార్డులో ఉంటే కోర్టు తన పని చేసినట్టే లెక్క, కానీ ఇల్లు మారిన లీజు కాగితం చూపిస్తే ఎఫ్‌టీఏ కేసు వదిలేయమని ప్రాసిక్యూటర్‌ని అడగడానికి బలం వస్తుంది.

వారంట్ దించడానికి మూడు దారులున్నాయి. మొదటిది వాకిన్. చాలా మున్సిపల్ కోర్టుల్లో వారంట్ ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ లేకుండా జడ్జిని కలిసే రోజులు, వేళలు ఉంటాయి. ముందు ఫోన్ చేసి ఆ రోజు జడ్జి ఉంటారో లేదో కనుక్కోండి. చిన్న ఊళ్లలో వారానికి ఒకరోజే ఉండొచ్చు. కిటికీ దగ్గర పొడుగ్గా ఏమీ వివరించక్కర్లేదు. వారంట్ ఉన్న కేసులకి స్వచ్ఛందంగా హాజరవడానికి వచ్చాను, జడ్జిని కలవాలి అంటే చాలు. టికెట్ రోజు ఏం జరిగిందో క్లర్క్‌కి చెప్పకండి, అది వాళ్లు తేల్చే విషయం కాదు.

రెండోది బాండ్. క్యాష్ బాండ్ అంటే కోర్టు చెప్పిన మొత్తం డిపాజిట్ చేస్తారు, వారంట్ వెంటనే దిగుతుంది, కొత్త కోర్టు డేట్ ఇస్తారు, కేసు తేలాక కోర్టుకి రావలసింది పోను మిగిలింది వెనక్కి వస్తుంది. ఇక్కడ చాలామంది చూడకుండా సంతకం పెట్టే చోటు ఒకటుంది. క్యాష్ బాండ్ ఫారంతో పాటు షరతుతో కూడిన నో కాంటెస్ట్ ప్లీ, అంటే నేరాన్ని ప్రతిఘటించనన్న మాట, ఉండొచ్చు. దాని మీద సంతకం పెట్టి ఆ తర్వాత డేట్ తప్పితే, డిపాజిట్టే జరిమానా అయిపోయి కన్విక్షన్ పడుతుంది. ఫిబ్రవరిలో మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి ఈ సంగతి మీకు మరీ అవసరం. డేట్ ఇచ్చేటప్పుడే ప్రయాణం సంగతి చెప్పి, దానికి ముందో తర్వాతో వేయించుకోండి.

మూడోది లాయర్. డల్లాస్ చుట్టుపక్కల ట్రాఫిక్ టికెట్లే చూసే లాయర్లు చాలామంది ఉన్నారు. బాండ్ వేసి వారంట్ దించి, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడతారు, చాలాసార్లు మీరు కోర్టుకి వెళ్లే పనే ఉండదు. ఫీజు అడిగేటప్పుడు స్పష్టంగా అడగండి: టికెట్‌కి ఎంత, ఎఫ్‌టీఏ కేసుకి విడిగా ఉందా, బాండ్ ఖర్చు అందులోనే ఉందా, కోర్టుకి కట్టాల్సింది కాక ఇంత అవుతుందా. రాష్ట్రం వదిలి వెళ్లినవాళ్లకి, ఇప్పటికే ఇండియాలో ఉన్నవాళ్లకి ఇదే సరైన దారి. మీకు కోర్టు గంట దూరంలో ఉంది, కేసులు మామూలువి, లాయర్ లేకుండా చేసుకోవచ్చు. కానీ వీసా దగ్గర పెట్టుకుని సెలవు దొరకడం కష్టమైతే లాయర్ మీద పెట్టే ఖర్చు దండగ కాదు.

వెళ్లే రోజు కారు మీరు నడపకండి, స్నేహితుడిని దింపమనండి. వారంట్ ఉండగా ట్రాఫిక్ స్టాప్ జరిగితే స్వచ్ఛందంగా వచ్చారన్న రక్షణ పనిచేయదు. పాస్‌పోర్టు, లైసెన్స్, ఆ ఉత్తరం, టికెట్ కాపీ ఉంటే అది, పాత లీజు, కొత్త లీజు, ఇన్సూరెన్స్ కాగితం పట్టుకెళ్లండి. ఇన్సూరెన్స్ కాగితం విషయంలో కాస్త ముందే పని మొదలుపెట్టాలి. ఇప్పటి కార్డు పనికిరాదు. టికెట్ రాసిన తేదీన పాలసీ అమల్లో ఉందని చూపించాలి. అప్పటి కంపెనీకి ఫోన్ చేసి, ఆ తేదీ, ఆ కారు విన్ నంబర్, మీ పేరు కనబడేలా కవరేజీ ఉన్నట్టు ఒక లెటర్ అడగండి. పాలసీ ఎప్పుడో రద్దయినా పాత రికార్డు ఇస్తారు. కారు స్నేహితుడిదైతే అతని పాలసీ లెటర్ తెచ్చుకోవాలి, అందులో మిమ్మల్ని మినహాయించిన డ్రైవర్‌గా రాసి ఉండకూడదు. టికెట్ పడ్డ సాయంత్రం హడావుడిగా కొన్న పాలసీ చెల్లదు, దాని మీద గంట కూడా ముద్రించి ఉంటుంది.

జడ్జి ముందుకో ప్రాసిక్యూటర్ ముందుకో వెళ్లాక అడిగే క్రమం ఇలా ఉండాలి. ముందు ఇన్సూరెన్స్ లెటర్ ఇచ్చి ఆ కేసు కొట్టివేయించుకోండి. తర్వాత స్పీడింగ్‌కి డిఫర్డ్ డిస్పొజిషన్ అడగండి. ఆ తర్వాత, అసలు కేసులు తేలాయి కాబట్టి ఎఫ్‌టీఏ కేసులు తీసేయమని అడగండి. ఈ వరసకి కారణం ఉంది: అసలు కేసులు తేలాయని చూపిస్తే ఎఫ్‌టీఏ వదిలేయడానికి ప్రాసిక్యూటర్‌కి ఇబ్బంది ఉండదు, ముందే దాని గురించి బతిమాలితే మాట అక్కడే ఆగిపోతుంది.

టికెట్ కొట్టేయించుకోవడానికి డ్రైవింగ్ సేఫ్టీ కోర్సును హక్కుగా అడిగే గడువు మీకు అయిపోయింది. అది మొదటి హాజరు తేదీలోపే అడగాలి. డిఫర్డ్ మాత్రం జడ్జి ఇష్టం మీద ఆధారపడింది, వారంట్ పడ్డ తర్వాత కూడా ఇస్తారు. నో కాంటెస్ట్ అని, కోర్టు ఖర్చులు, దాని మీద ఒక ప్రత్యేక ఫీజు కట్టి, గరిష్ఠంగా 180 రోజుల దాకా షరతులు పాటిస్తే కేసు కొట్టేస్తారు, డ్రైవింగ్ రికార్డులో కన్విక్షన్ పడదు. వయసు 25 లోపుంటే ఆ షరతుల్లో డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు తప్పనిసరి. చదువుకునే పిల్లలు చాలామంది ఇక్కడే జారిపోతారు: డబ్బు కడతారు, కోర్సు సర్టిఫికెట్ పంపరు, ఆరు నెలలకి మళ్లీ కోర్టు నుంచి ఉత్తరం. కమర్షియల్ లైసెన్స్ ఉన్నవాళ్లకి, పనివాళ్లు ఉన్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో జరిగిన వాటికి డిఫర్డ్ ఇవ్వరు.

డబ్బు లేనివాళ్ల కోసం ఒక మాట, ఇది చదివేవాళ్లలో విద్యార్థులు ఎక్కువ కాబట్టి. జరిమానా కట్టే స్తోమత లేనివాణ్ణి అందుకోసం జైల్లో పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1971లో టేట్ వర్సెస్ షార్ట్‌లో చెప్పింది. అది హ్యూస్టన్ ట్రాఫిక్ టికెట్ల కేసే: 425 డాలర్ల జరిమానాలు కట్టలేని మనిషిని రోజుకి 5 డాలర్ల లెక్కన 85 రోజులు మున్సిపల్ ప్రిజన్ ఫామ్‌లో ఉంచబోయారు. ఈరోజు జడ్జి మీ స్తోమత విచారించాలి. వాయిదాలు ఇవ్వొచ్చు, కమ్యూనిటీ సర్వీస్ ఇవ్వొచ్చు, తగ్గించొచ్చు, పూర్తిగా మాఫీ చేయొచ్చు. కమ్యూనిటీ సర్వీస్‌లో ఎనిమిది గంటలకి కనీసం 100 డాలర్లు కొట్టేస్తారు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంటే ఒప్పుకునే ముందు కాలేజీలో వీసా సంగతులు చూసే మీ డీఎస్ఓకి చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఐ-20, అద్దె రసీదులు పట్టుకెళ్లండి. నోటిమాటకన్నా కాగితం నమ్ముతారు. వాయిదాలు తీసుకుంటే, తీర్పు తర్వాత 31వ రోజున గానీ ఆ తర్వాత గానీ ఏ భాగం కట్టినా 15 డాలర్ల టైమ్ పేమెంట్ ఫీజు చేరుతుంది. రెండు రోజులు జైల్లో కూర్చుంటే పోయేదానికి డబ్బెందుకు అనే సలహా ఎవరైనా ఇస్తే చెవిన పెట్టకండి. లెక్క ప్రకారం జైలు రోజులకి జరిమానా తగ్గే మాట నిజమే, కానీ వీసా మీద ఉన్నవాళ్లకి దాని ఖరీదు వేరు.

ఆ ఖరీదు ఏమిటో వివరంగా చెప్పాలి. టికెట్ అరెస్టు కాదు. వారంట్ కూడా అరెస్టు కాదు. వారంట్ మీద పట్టుకుని జైలుకి తీసుకెళ్లి వేలిముద్రలు తీసుకుంటే అది అరెస్టు. ఆ వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్లొచ్చు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టయ్యారా అన్న ప్రశ్నకి అప్పటిదాకా లేదు అనగలిగినవారు ఆ రోజు నుంచి అవును అనాలి, కేసు తర్వాత కొట్టేసినా సరే. 2025 ఏప్రిల్‌లో పోలీసు రికార్డుల్లో పేరుందన్న కారణంతో ఎంతోమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దయ్యాయి. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లు, మామూలు ట్రాఫిక్ విషయాలవాళ్లు కూడా ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరులో ప్రభుత్వం వాటిని పునరుద్ధరించింది. అది సద్దుమణిగినా, 250 డాలర్ల టికెట్‌ని అరెస్టు దాకా రానివ్వకూడదని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. టెక్సస్‌లో పోలీసుకి చిన్న ట్రాఫిక్ నేరానికి సైతం అరెస్టు అధికారం ఉందని 2001లో సుప్రీంకోర్టు ఆట్‌వాటర్ కేసులో ఖరారు చేసింది. అది సీటు బెల్టు కేసు. వారంట్ కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. పైగా ఏటా ఫిబ్రవరి చివర, మార్చిలో గ్రేట్ టెక్సస్ వారంట్ రౌండప్ పేరుతో చాలా ఊళ్ల పోలీసులు కలిసి ఇలాంటివాటి కోసమే వెతుకుతారు. ఇంటికీ ఆఫీసుకీ రావడం కూడా ఉంటుంది. దానికి ముందు కొన్ని కోర్టులు వారంట్ ఫీజు మాఫీ చేస్తామని ప్రకటిస్తాయి. తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 చివర్లో చలాన్ల మీద ఇచ్చినంత రాయితీ వస్తుందని ఎదురుచూడకండి. ఇక్కడ తగ్గేది ఎక్కువగా ఆ 50 డాలర్లే, జరిమానా అలాగే ఉంటుంది.

ఎయిర్‌పోర్టులో ఆపుతారా అని అడిగారు. టీఎస్ఏ సెక్యూరిటీ లైన్లో ట్రాఫిక్ వారంట్లు చూడరు. తిరిగి వచ్చేటప్పుడు దేశంలోకి వచ్చేవాళ్లని తనిఖీ చేసే సీబీపీ, పోలీసు డేటాబేస్‌లు చూస్తుంది, అయితే మున్సిపల్ కోర్టు క్లాస్ సి (జరిమానా మాత్రమే ఉండే చిన్న నేరాలు) వారంట్లు ఎక్కువగా ఆ ప్రాంతానికే పరిమితం. ప్రమాదం అసలు ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో, హైవే మీద ఉంది. ఏళ్లు గడిస్తే పోతుందన్న మాట కూడా నమ్మొద్దు. రెండేళ్ల కాలపరిమితి కేసు దాఖలు చేయడానికి. దాఖలయ్యాక వారంట్‌కి గడువు తీరడం ఉండదు.

వారంట్ దిగాక లైసెన్స్ సంగతి. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్స్ ఐ-94 (దేశంలో ఉండే గడువు చూపే రికార్డు) తోనో ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) తోనో ముగుస్తుంది కాబట్టి, సిటిజన్ ఎనిమిదేళ్లకోసారి చేసే రెన్యువల్ మీరు రెండుమూడేళ్లకే చేయాలి. ఆమ్నిబేస్ హోల్డ్ ఉంటే డీపీఎస్ కిటికీ దగ్గర ఆగిపోతారు. కేసు తేలాక కోర్టు ఆ సమాచారం పంపాలి, కానీ అది తనంతట తనే అవుతుందని వదిలేయకండి. వారం తర్వాత టెక్సస్ లైసెన్స్ ఎలిజిబిలిటీ సైట్‌లో చూసుకోండి, ఇంకా కనబడితే కోర్టుకి కాజ్ నంబర్‌తో ఫోన్ చేయండి. కొన్ని కౌంటీల్లో కారు రిజిస్ట్రేషన్ మీద కూడా స్కాఫ్‌లా హోల్డ్ పెడతారు, అంటే బాకీ తీరేదాకా రెన్యువల్ ఆపుతారు, అదీ అడగండి. పాత రోజుల్లో మూడేళ్లపాటు డీపీఎస్‌కి కట్టే సర్‌చార్జీలు మాత్రం 2019 సెప్టెంబర్ 1తో పూర్తిగా రద్దయ్యాయి, వాటి గురించి దిగులు వద్దు. కోర్టు కంప్యూటర్లో వారంట్ ఆ రోజే తీసేసినా పెట్రోల్ కారులో తెరమీద కొన్నాళ్లు కనబడొచ్చు. అందుకని వారంట్ రీకాల్ చేసినట్టు ఉన్న కాగితం కనీసం ఒక నెల కార్లో ఉంచండి.

వేరే రాష్ట్రాలవాళ్లకి రెండు మాటలు. న్యూజెర్సీలో టికెట్ వచ్చిన టౌన్ మున్సిపల్ కోర్టే అన్నీ చూస్తుంది, ఎన్‌జేఎంసీడైరెక్ట్ వెబ్‌సైట్‌లో టికెట్ కనబడుతుంది, కానీ వారంట్ ఉంటే ముందు కోర్టుకి ఫోన్ చేయండి. కాలిఫోర్నియాలో డబ్బు కట్టనందుకు లైసెన్స్ సస్పెండ్ చేయడం 2017లోనే ఆపేశారు. ఆలస్యానికి వేసే సివిల్ అసెస్‌మెంట్ ఇప్పుడు గరిష్ఠంగా 100 డాలర్లే. ఒక రాష్ట్రం టికెట్ ఇంకో రాష్ట్రం లైసెన్స్‌ని పట్టుకునే నాన్‌రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్‌లో టెక్సస్ ఉంది, కాలిఫోర్నియా లేదు. వర్జీనియాకో ఒహాయోకో మారిపోయాను కదా అని వదిలేస్తే అక్కడి లైసెన్స్ ఆఫీసులో తేలుతుంది.

చివరగా కాగితాలు. కేసు మూసిన రోజే ప్రతి కాజ్ నంబర్‌కీ ముద్ర వేసిన సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం) కాపీలు రెండేసి తీసుకోండి. మున్సిపల్ కోర్టులు పాత ఫైళ్లు కొన్నేళ్లకి నాశనం చేస్తాయి, గ్రీన్‌కార్డు వంతు వచ్చేసరికి అడిగితే దొరక్కపోవచ్చు. డిఫర్డ్ పూర్తయితే రాష్ట్రం లెక్కలో కన్విక్షన్ లేదు. ఇమ్మిగ్రేషన్ చట్టం నిర్వచనం వేరు: నో కాంటెస్ట్ అని చెప్పి షరతులు పాటిస్తే దాన్ని కన్విక్షన్‌గానే చూడొచ్చు. స్పీడింగ్‌కి అది వీసా పోగొట్టే విషయం కాదు, కానీ ఫారంలో అడిగిన ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టు రాయాలి. పౌరసత్వ దరఖాస్తు ఫారం ఎన్-400 సూచనల్లో అరెస్టు లేకుండా 500 డాలర్లలోపు జరిమానాతో ముగిసిన, మద్యం, మత్తుమందులు లేని ట్రాఫిక్ విషయాలకి పత్రాలు జతపరచనక్కర్లేదని ఉంది. టికెట్ ప్రస్తావన మాత్రం మానకండి. డిఫర్డ్ తర్వాత క్లాస్ సి కేసుకి ఎక్స్‌పంక్షన్ (రికార్డు చెరిపేయడం) కోరే వీలుంది. చేయించుకునే ఉద్దేశం ఉంటే సర్టిఫైడ్ కాపీలు తీసుకున్న తర్వాతే దరఖాస్తు చేయండి. ఆదేశం వచ్చాక కోర్టు దగ్గర ఫైలే ఉండదు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు మాత్రం అప్పుడు కూడా ఆ కాగితమే అడుగుతాడు.

మీ తేదీల ప్రకారం ఈ వారంలో ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్, వచ్చే వారంలో కోర్టు. డిఫర్డ్ గడువు నడుస్తుండగా ఇండియా వెళ్లడానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు, అయినా ఆర్డర్‌లోని షరతులు కిటికీ దగ్గరే చదివి, సర్టిఫికెట్ ఇవ్వాల్సిన తేదీ ఏదైనా మీ ప్రయాణంలో పడితే అక్కడే మార్పించుకుని రండి.